ఏ గోవిందా?

ఓడ మీద,
ఏప్రిల్ 28.

చిరంజీవి మోహనకు,

మామ ఆశీర్వదించి, ఆ వెంటనే నస పెట్టి రాయునది.

మీరంతా కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. లేకపోయినా ఇక్కడి నుంచి నేను పొడిచేదేమీ లేదు. బొగ్గు మోసే మా ఓడ వయసులో నాకంటే చిన్నదే గానీ నెట్టు సంగతిలో మా తాతకంటే పాతది. రోజుకోసారి అక్షరాలు మాత్రం పోతాయి. ఫోటో పోదు, మాట పోదు. అందుకే మనమిద్దరం ఇట్లా పాతకాలపు మనుషుల్లా ఉత్తరాలు రాసుకోవలసి వస్తోంది.

డెక్కు ఆఫీసరు సర్టిఫికెట్ పరీక్ష మే 8న ఇంట్లో కూర్చునే రాయాలని నువ్వు సంబరపడుతున్నావు. సంబరం తర్వాత పడుదువు గానీ, ముందు నా మాట విను. పాఠం నీకు వచ్చు, ఆ దిగులు నాకు లేదు. దిగులల్లా లాప్‌టాప్‌తోనే. రెండేళ్ల కిందట చిత్తూరులో మా ఇంట్లో నేను ఇట్లాంటి పరీక్షే రాస్తుంటే మీ అత్త వంటింట్లో కుక్కర్ పెట్టింది. అది కూత పెట్టగానే కెమెరా వెనక కాపలా ఉన్నాయన పరీక్ష ఆపేసి, పక్కగదిలో ఎవరు ఈల వేస్తున్నారు, అది ఏ జవాబుకు గుర్తు అని నిలదీశాడు. పప్పుకు గుర్తు అని చెప్పినా ఆయనకు అర్థం కాలేదు.

కాబట్టి వైఫై నమ్మకుండా వైరు పెట్టుకో. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు ఉన్నాయో లేదో బావను చూడమను. లాప్‌టాప్‌లో అప్‌డేట్‌లన్నీ ముందురోజే కానిచ్చెయ్యి, లేకపోతే సరిగ్గా పరీక్ష మధ్యలోనే దానికి బుద్ధి పుడుతుంది. పరీక్ష తెర ఒక్కటే ఉంచి మిగతా విండోలన్నీ మూసెయ్యాలి. ఎక్కడా శబ్దం రాకూడదు. ఒకసారి కూర్చున్నాక లేవకూడదు, లేస్తే కాపీ కొట్టడానికి పోతున్నావనుకుంటారు. ఈ ఉత్తరం మీ అమ్మకు, నాయనకు కూడా గట్టిగా చదివి వినిపించు. పరీక్ష నీ ఒక్కదానిది కాదు, ఇంటిల్లిపాదిదీ.

కంపెనీవాళ్లు థర్డ్ ఆఫీసరు చోటు నీకోసం జూన్ 20 దాకా ఉంచుతామన్నారని రాశావు. ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు, మొహమాటపడరు. అది గుర్తుపెట్టుకో.

మీ మామ,
బాలచంద్ర

*

తిరుపతి,
మే 2.

మామకు నమస్కారాలు, అత్త కుక్కరుకు కూడా.

నీ ఉత్తరం ఇంట్లో సభ పెట్టి చదివాను. అమ్మ ఆ రోజు మిక్సీ ముట్టనని, చట్నీ లేకుండానే ఇడ్లీ పెడతానని మాట ఇచ్చింది. నాయన మాత్రం డిపోలో డ్యూటీ చార్టు వింటున్నట్టు చేతులు కట్టుకుని విన్నాడు. ఇన్నేళ్లుగా కొండ మీదికి బస్సు తోలుతున్న మనిషి కదా, ఏదైనా ఒకసారి వింటే చాలు, తు.చ. తప్పకుండా చేసేస్తాడు. ఇన్వర్టర్‌లో నీళ్లు అప్పుడే పోశాడు కూడా. పోసి గోవిందా అన్నాడు. మా ఇంటి సంగతి నీకు తెలిసిందేగా. బస్సు కదిలితే గోవిందా, మలుపు తిరిగితే గోవిందా, చేతిలో గిన్నె జారినా గోవిందానే.

నాకు భయమేమీ లేదని రాద్దామనుకున్నాను, కానీ ఉంది. కేడెట్‌గా ఓడ మీద ఉన్నప్పుడు రాత్రి కాపలాలో కూడా ఇంత భయపడలేదు. అక్కడ ఎదురుగా ఏముందో కనిపిస్తుంది. ఇక్కడ కెమెరా వెనక ఎవరున్నారో తెలియదు.

అమ్మమ్మ ఇంకా చిత్తూరులో అందరికీ నేను చెన్నైలో కంప్యూటర్ ఆఫీసులో ఉన్నాననే చెబుతోందట. ఆడపిల్ల ఓడలో పనిచేస్తుందంటే గిరింపేట జనం ఏమనుకుంటారో అని. మొన్న అమ్మమ్మ పక్కింటావిడ నన్ను ఫోన్‌లో, మీ ఆఫీసులో ఏసీ ఉండాదా పాపా, అని అడిగింది. గాలికి తక్కువేమీ లేదని చెప్పాను. అబద్ధం కాదు కదా. కానీ మామా, నాకు బాధగానే ఉంటుంది. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు అమ్మమ్మే నోరు తెరిచి నిజం చెప్పాలని నా కోరిక.

ఉంటాను. గోవిందా.

నీ కోడలు,
మోహన

*

తిరుపతి,
మే 9.

మామా,

పరీక్ష అయిపోయింది. గోవిందా. రాసే ఓపిక లేదు, తర్వాత రాస్తాను.

మోహన

*

డర్బన్ రేవు,
మే 12.

థర్డ్ ఆఫీసరు మోహన గారికి,

మీ మామ లేచి నిలబడి సెల్యూట్ కొట్టి రాయునది.

అయిపోయింది, గోవిందా! ఇంతకంటే చక్కగా ఎవరు రాయగలరు? నీ ఉత్తరం చదివి మా ఓడ వంటవాడికి నా డబ్బులతో టీ తాగించాను. టీ పెట్టింది వాడే అనుకో. రేవులో దిగగానే నీకు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అని వచ్చింది. పరీక్ష అలసటతో పడుకుని ఉంటావనుకున్నాను. అక్కకు లైను కలవలేదు. అమ్మకు మాత్రం కలిసింది.

నీ మనవరాలు గట్టెక్కిందమ్మా అన్నాను. అంతే, వచ్చింది చూడు మాట, ఆపడం నా వల్ల కాలేదు. నువ్వు పాసైతే నీ తలనీలాలు ఇప్పిస్తానని కొండకు మొక్కుకుందట. నీ జుట్టు మీద నీకు చెప్పకుండా మొక్కుకోవడమేమిటని అడిగాను. స్వామికి సెప్పినాను గదా, ఇంక దానికెందుకు సెప్పేది, అంది. మూడు కత్తెర్లతో సరిపెట్టుకోమని నువ్వే బతిమాలుకో. ఆ ఒత్తు జడంటే నాకూ ఇష్టమే.

నా జాగ్రత్తలన్నీ పాటించి ఉంటావు. గురుదక్షిణగా, నేను దిగేటప్పటికి ఒక మంచి మామిడి బుట్ట సిద్ధంగా ఉంచు.

మీ మామ,
బాలచంద్ర

*

తిరుపతి,
మే 17.

గురువు గారికి,

మామిడి బుట్ట కాదు, నీకు ఇంకేదో పంపాలి. ఓడకు పార్శిల్ రాదని బతికిపోయావు.

మామా, గోవిందా అంటే పోయిందని. గంగలో కలిసిందని. నువ్వు చిత్తూరులో పుట్టి తిరుపతిలో చదువుకున్నవాడివి, ఆ మాత్రం తెలియదా? ఉప్పునీళ్లకు నీ తెలుగు తుప్పు పట్టింది.

ఏం జరిగిందో చెబుతాను. మధ్యాహ్నం రెండు గంటలకు పరీక్ష. నేను స్నానానికి పోయిన వేళ నాయన నీ ఉత్తరం గుర్తు చేసుకుని విండోలన్నీ మూసేశాడు. లాప్‌టాప్‌వి కాదు, ఇంటివి. రెక్కలు మూసి, గడియలు పెట్టి, సందుల్లో కాగితాలు దోపాడు. శబ్దం రాకూడదన్నావు కదా, ఫ్యాను తీగ కూడా పీకేశాడు. నేను హడావుడిగా వచ్చి కూర్చోగానే తలుపు బయట నుంచి మూసుకుంది, పరీక్ష మొదలైంది. ఆ తర్వాత చూసుకున్నాను. లేస్తే కాపీ, అరిస్తే కాపీ. మే నెల తిరుపతి ఎండలో చెమటలు కక్కుతూ నేను తట్టుకున్నాను. లాప్‌టాప్ తట్టుకోలేదు. దోసె పెనంలా కాలిపోయి సగం దారిలో నల్లబడి ఆగిపోయింది. అది చల్లారి మళ్లీ లేచేసరికి టైము దాటిపోయింది.

బయటికి వచ్చి ఏడ్చాను. నాయన బిక్కమొహం వేసుకుని, మూసెయ్యమని మీ మామ రాసినాడు గదమ్మా, నేను సక్కగానే మూసినాను, అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఎవరి తరం? ఇంకొక్క అవకాశం ఇచ్చారు, జూన్ 6న. అదీ పోతే మళ్లీ ఆరు నెలల దాకా లేదు. ఓడలో చోటు మాత్రం అప్పటిదాకా ఆగదు.

ఇంతలో నీ ఫోన్ ధర్మమా అని అమ్మమ్మ దిగింది, చేతిలో పసుపు బట్టతో. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ నన్ను తెరవనివ్వలేదు. చిత్తూరు నుంచి వచ్చిన బస్సులో అందరికీ చెప్పేసిందట, మా మనవరాలు ఓడ నడిపిస్తాదని. చెన్నై లేదు, కంప్యూటర్ లేదు, నేరుగా ఓడే. గిరింపేటలో కూడా ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చిందట. ఆ మొహం చూసి నేనిక చెప్పలేకపోయాను మామా. నేను కోరుకున్నది అదే కదా, కాకపోతే సర్టిఫికెట్ కంటే ముందు వచ్చింది. ఇంకో చిన్న పరీక్ష మిగిలి ఉందని మాత్రం చెప్పాను. సరేలే అంది.

మూడు కత్తెర్లకు ఒప్పుకోలేదు. తలనీలాలంటే తలనీలాలే అంది. నేనూ పంతానికి పోయాను. స్వామికి ముందే ఇచ్చేస్తే ఆయనే మొహమాటపడతాడులే అనుకున్నాను. నాయన బస్సులోనే వెళ్లాం. ఇప్పుడు నీ కోడలికి నున్నటి గుండు, దాని మీద గంధం. వద్దనుకున్నా చెయ్యి మాటిమాటికీ జడ కోసం వీపు మీదికి పోతోంది.

మోహన

*

సముద్రం మీద,
మే 20.

చిరంజీవి మోహనకు,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. వంటవాడు పరిగెత్తుకొచ్చి, ఏమైంది సార్ అన్నాడు. సందుల్లో కాగితాలు దోపిన చోట మా బావకు దండం పెట్టాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. విండోలని రాసినదీ నేనే, గోవిందాను తప్పుగా చదివి అమ్మకు చెప్పినదీ నేనే. నీ జుట్టు పోవడానికి నేనే కారణం. క్షమించు పాపా. మనస్ఫూర్తిగా అడుగుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈసారి ఎవరికీ ఉత్తరం చదివి వినిపించవద్దు. పరీక్షవాళ్ల సైటులో ముందుగా సరిచూసుకునే చోటు ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. పరీక్షకు వారం ముందే నువ్వు దాన్ని వాడు. అదే లాప్‌టాప్, అదే గది, అదే కుర్చీ, అదే మధ్యాహ్నం రెండు గంటల ఎండ. కిటికీలు తీసే ఉంచు, ఫ్యాను చిన్నగా తిరగనివ్వు. లాప్‌టాప్ కింద ఇడ్లీ ప్లేట్లు బోర్లించి పెట్టు, గాలి ఆడుతుంది. అదే మొహం అని కూడా రాయబోయాను. రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయింది.

మోహనా, దరఖాస్తుకు ఏ ఫోటో పెట్టావు? జడ ముందుకు వేసుకుని, పాపిట తీసి, స్కూలు పిల్లలా దిగిన, ఓడవాళ్ల గుర్తింపు పుస్తకం ఆ సీమన్ బుక్కులో ఉన్న ఫోటోనేనా? పరీక్ష పెట్టే ఆ మిషను ఫోటోకూ మొహానికీ పోలిక చూస్తుంది. పరీక్ష రోజునే తెలిసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించకు. వెంటనే సరిచూడు. దానికి తిరుమల సంగతి తెలియదు.

మీ మామ,
బాలచంద్ర

*

తిరుపతి,
మే 29.

మామకు,

సరిచూశాను. నువ్వు భయపడ్డట్టే అయింది. నీకు ఎప్పుడూ మంచి సంగతి మీద అనుమానం రాదు.

కుర్చీలో కూర్చుని కెమెరా వైపు చూడగానే ఎర్ర గీత వచ్చింది, మొహం సరిపోలేదని. వెలుతురు మార్చాను, నవ్వాను, నవ్వడం మానేశాను. ఒప్పుకోలేదు. సొంత ఇంట్లో, సొంత కుర్చీలో, నేను నేను కాదంటుంది. కోపంతో పక్కకు జరిగాను. అప్పుడు ఇంకో గీత, గదిలో ఇంకొకరు ఉన్నారని. తలుపు వేసే ఉంది. ఎవరా అని తల తిప్పాను. తీరా చూస్తే నా వెనక గోడ మీద పూలదండలో తాత ఫోటో.

అమ్మమ్మకు చెబితే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మీ తాత తోడుగా ఉండాడని మిషనుకే తెలిసిపాయ సూడు, అంది. ఫోటో తీయాలంటే మాత్రం ససేమిరా అంది. గోడకు తిప్పి పెడదామన్న పాపానికి నాయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. పాట వినిపించి, వినిపించి, చివరికి ఒక అమ్మాయి వచ్చింది. రూపం మారితే కొత్త ఫోటో, ఏదైనా ఆధారం పెట్టి దరఖాస్తు చెయ్యమంది. ఒప్పుకుంటే పరీక్ష రోజు ఒక ఆఫీసరు ఎదురుగా కెమెరాలో చూసి నిర్ణయిస్తారట. ఒప్పుకోకపోతే అంతే. ఆధారం ఏముంది నా దగ్గర? కళ్యాణకట్టలో గుండుకు ఇచ్చిన టోకెన్ చీటీ పర్సులో నలిగి ఉంది, దాన్నే ఫోటో తీసి పెట్టాను. రూపం మారడానికి కారణం అని ఒక గడి ఉంది. చాలాసేపు చూశాను. ఇంగ్లీషులో ఎన్నో రకాలుగా రాసి కొట్టేశాను. చివరికి ఒక్కటే మాట రాశాను, గోవిందా అని. ఏ గోవిందానో వాళ్లనే తేల్చుకోనీ.

ఇంకా జవాబు రాలేదు. భయంగా ఉంది మామా. పాఠం రాక పరీక్ష పోతే ఏడ్చి ఊరుకుంటాను. నా మొహం నాది కాదని పోతే ఎవరికి చెప్పుకోను? అమ్మమ్మ రోజూ వీధిలోవాళ్లకు నన్ను చూపించి ఓడ సంగతి చెబుతోంది. నేను తలుపు చాటుకు పోతున్నాను.

మోహన

*

సముద్రం మీద,
మే 31.

నా కోడలికి,

ఈ పూట వెక్కిరింతలు తగ్గించి రాస్తున్నాను, నువ్వు అలవాటు పడకు.

జవాబు వస్తుంది. నువ్వు చెయ్యవలసింది వారం ముందే చేశావు. ఆఖరి రోజు తెలిసి తల పట్టుకునేవాళ్లు ఎంతమందో. నీకు పట్టుకోవడానికి జుట్టు కూడా లేదు. చూశావా, ఆపుకోలేకపోయాను.

ఒక మాట మాత్రం నిజంగా చెబుతున్నాను. నువ్వు మొదటిసారి ఓడ ఎక్కుతానన్నప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడింది నేనే, ఈ బతుకు నాకు తెలుసు కాబట్టి. ఇప్పుడు లేదు. ఆ ఎండలో, మూసిన గదిలో, కుర్చీ వదలకుండా కూర్చున్నావు చూడు, ఓడ మీద నీ కాపలాలో నేను నిద్రపోగలను. సర్టిఫికెట్ వచ్చినా రాకపోయినా.

అమ్మ సంగతి నేను చూసుకుంటాను. వచ్చే రేవులో దిగగానే ఫోన్ చేసి, పాసైందని నేనే తప్పుగా చెప్పానని చెప్పేస్తాను. తిట్లు నేను తింటాను. ఆ బరువు నువ్వు మోస్తూ పరీక్షకు కూర్చోవద్దు.

మీ మామ,
బాలచంద్ర

*

తిరుపతి,
జూన్ 11.

మామకు,

ఫోన్ చెయ్యకు. చేసినా ఆ మాట చెప్పకు. ఎందుకో చివర్లో రాస్తాను, ముందుకు పోయి చదివితే ఒట్టు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం జవాబు వచ్చింది, ఆఫీసరు చూస్తారని. ఆ రోజు కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టకుండా నాయన సెలవు పెట్టి కాపలా కాశాడు. మా ఇంటి ముందు ఇస్త్రీ బండి పెట్టుకునే ధనంజయను కూడా, చప్పుడు కాకుండా వీధి చివరకు పంపించాడు. లాప్‌టాప్ ఇడ్లీ ప్లేట్ల మీద కూర్చుంది. తాత ఫోటో సంగతి ఎట్లా అని నేను తల బద్దలు కొట్టుకుంటుంటే అమ్మమ్మే వచ్చి ఫోటో దించింది. తిప్పడం లేదు, దాచడం లేదు. ఒళ్లో పెట్టుకుని తలుపు బయట చాప మీద కూర్చుంటానంది. మూడు గంటలసేపు అట్లాగే కూర్చుంది. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకుందట, అమ్మ చెప్పింది.

కెమెరాలో ఒక పెద్దావిడ వచ్చింది. కుడికి తిరగమంది, ఎడమకు తిరగమంది, ఫోటో చూసింది, నన్ను చూసింది. దరఖాస్తులో కారణం చదివి కళ్లజోడు తీసేసింది. తిరుపతినా, అని అడిగింది. అవునన్నాను. ఆవిడ నవ్వి, సరే రాయి అంది. అంతే మామా. మధ్యలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ నిలబడింది. నాయన పోసిన నీళ్లు వృథా పోలేదు.

ఫలితం ఈ రోజు పొద్దున ఫోన్‌లో వచ్చింది. హాల్లో నిలబడి చూశాను. చూడగానే నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది, గోవిందా అని. వంటింట్లోంచి అమ్మమ్మ గరిటెతో సహా వచ్చి గడప దగ్గర ఆగింది. నా మొహంలోకి చూస్తూ మెల్లగా అడిగింది.

"యా గోవింద పాపా? పోయిన గోవిందానా, వచ్చిన గోవిందానా?"

నేను బిత్తరపోయాను. పోయినసారి పోయిందని నీకు తెలుసా అన్నాను.

"కొండ మింద కత్తి తగిలినప్పుడు నీ మొగం సూసినాను గదా. పాసైన బిడ్డి మొగం అట్లుంటాదా?"

మరి తెలిసీ అక్కడే ఎందుకు ఆపలేదంటే గరిటె పక్కన పెట్టి, వీధిలో అందరికీ చెప్పేసినాను, ఇంక ఎట్లా నిలబెట్టాలో స్వామే సూసుకోవాల అనుకున్నాను, అంది. ఆ తర్వాత కూడా వీధిలో చెప్పింది నీ మాట నమ్మి కాదు మామా, నన్ను నమ్మట. అన్నాళ్లూ తలుపు చాటుకు పోయింది నేను. ఆవిడ మాత్రం పోయిన పరీక్షను కడుపులో పెట్టుకుని వీధిలో తల ఎత్తుకుని తిరిగింది.

ఆవిడ చెయ్యి తీసి నా గుండు మీద పెట్టుకున్నాను. వెంట్రుకలు అప్పుడే గరుగ్గా మొలిచాయి.

జూన్ 19న చెన్నైలో ఓడ ఎక్కుతున్నాను. కంపెనీవాళ్లు కొత్త కార్డుకు ఫోటో అడిగితే ఈ గుండుదే పంపాను. జడ పెరిగాక ఏ రేవులో ఆపి నువ్వెవరని అడుగుతారో చూద్దాం. అప్పుడు ఏం చెయ్యాలో నువ్వు రాద్దువు గానీ, ఎవరికీ చదివి వినిపించను.

ఉంటాను మామా. వచ్చిన గోవిందా.

మోహన,
థర్డ్ ఆఫీసరు